ప్లాస్టిక్ రాయి కథ

కాంక్రీటు అనగానే మనకు సిమెంటు గుర్తొస్తుంది. కానీ గట్టిపడిన కాంక్రీటు దిమ్మెను కోసి చూస్తే అందులో అరవై నుంచి డెబ్బై అయిదు శాతం దాకా కనిపించేది కంకర, ఇసుకే. సిమెంటూ నీళ్లూ కలిసి ఆ రాళ్లను, రేణువులను ఒకదానికొకటి అతికిస్తాయి. బరువు మోయడంలో పెద్ద వాటా రాయిది, కలిపి ఉంచే పని సిమెంటుది. ఈ రెండు పనుల తేడా మనసులో పెట్టుకుంటే, ప్లాస్టిక్ చెత్తను కాంక్రీటులోకి తేవడానికి మూడు దశాబ్దాలుగా జరిగిన ప్రయత్నాల్లో ఏది ఎందుకు నెగ్గిందో, ఏది ఎందుకు ఓడిందో తేలిగ్గా బోధపడుతుంది. ప్లాస్టిక్‌ని రాయిగా వాడాలా, జిగురుగా వాడాలా అన్నదే ఈ కథలో అసలు ప్రశ్న.

మామూలు రాయి బదులు మరొకటి వేయవచ్చన్న ఆలోచన చాలా పాతది. రోమ్‌లోని పాంథియన్ గుమ్మటం రెండో శతాబ్దం నాటిది, అడ్డుకొలత 43 మీటర్ల పైచిలుకు. ఇనుప కడ్డీలు లేని కాంక్రీటు గుమ్మటాల్లో ఇప్పటికీ అదే పెద్దది. కట్టినవాళ్లు కింద బరువైన రాళ్లు వేసి, పైకి పోయేకొద్దీ తేలిక రాళ్లు ఎంచుకుని, శిఖరం దగ్గర అగ్నిపర్వతాల నురుగురాయి వాడారు. మళ్లీ ఆ దారిలో పెద్ద అడుగు పడింది అమెరికాలో. కాన్సస్ సిటీలో ఇటుకలు చేసే స్టీఫెన్ హేడ్, బట్టీలో వేడి ఎక్కువై ఉబ్బిపోయిన ఇటుకలను గమనించాడు. ఇటుకలుగా అవి పనికిరావు, పక్కన పడేయాల్సినవి. కానీ తేలిగ్గానూ గట్టిగానూ ఉన్నాయి. షేల్ రాయిని కావాలనే అలా ఉబ్బేలా కాల్చి కంకర చేసే పద్ధతికి 1918లో పేటెంటు తీసుకున్నాడు. అలాంటి తేలిక కంకరతో చేసిన కాంక్రీటుతోనే అమెరికా సెల్మా అనే చమురు ఓడను కట్టి, 1919 జూన్ 28న నీళ్లలోకి దింపింది. కాంక్రీటు ఓడ నీళ్ల మీద తేలింది. బట్టీ దగ్గర పోగుపడ్డ పనికిరాని సరుకే ఒక పరిశ్రమకు దారి చూపింది.

ప్లాస్టిక్ మాత్రం కాంక్రీటులోకి మొదట కొత్త సరుకుగానే అడుగు పెట్టింది. మనం థర్మోకోల్ అని పిలిచే పాలీస్టైరీన్ పూసలను కలిపి తేలిక దిమ్మెలు చేయడం గత శతాబ్దం రెండో సగంలో మొదలైంది. అప్పుడే ఒక చిక్కు బయటపడింది. మిక్సర్ తిరుగుతుంటే ఆ పూసలు సిమెంటు ముద్దలో కలవకుండా పైకి తేలిపోయేవి. కలిసినవాటిని కూడా సిమెంటు సరిగా పట్టుకోలేదు. పూసలకు పైపూత వేస్తే తప్ప పని జరిగేది కాదు. సిమెంటుకీ ప్లాస్టిక్‌కీ పొత్తు కుదరదని తెలిసింది అక్కడే. ఆ తర్వాత పనిచేసిన ప్రతి పరిశోధకుడికీ ఇదే అడ్డు తగిలింది.

చెత్త సంగతి ఆ తర్వాత వచ్చింది. డ్యూపాంట్ కంపెనీ ఇంజనీరు నథానియెల్ వైత్, మనం నీళ్లు, కూల్‌డ్రింకులు కొనుక్కునే పెట్ (PET) ప్లాస్టిక్ సీసాకు పేటెంటు పొందింది 1973లో. అక్కడి నుంచి సీసాలు, సంచులు, పొట్లాలు ఎంత వేగంగా పోగుపడ్డాయంటే, 2017లో అమెరికా పరిశోధకులు వేసిన లెక్క ప్రకారం 2015 దాకా ప్రపంచం తయారుచేసిన ప్లాస్టిక్ 830 కోట్ల టన్నులు. అందులో చెత్తగా మారింది 630 కోట్ల టన్నులు, ఆ చెత్తలో తిరిగి వాడకానికి వచ్చింది 9 శాతం. మరోవైపు ఇసుక. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం అంచనా ప్రకారం ప్రపంచం ఏడాదికి దాదాపు 5,000 కోట్ల టన్నుల ఇసుక, కంకర వాడుతోంది. ఇసుక కరువు అంటే ఏమిటో మనకు వేరే చెప్పక్కర్లేదు. గోదావరి, కృష్ణ, పెన్న రీచ్‌ల దగ్గర లారీల బారులూ, ఇల్లు మొదలుపెట్టి ఇసుక దొరక్క ఆగిపోయిన మేస్త్రీల కష్టమూ తెలుగువాళ్లకు కొత్త కాదు. రాయిని పిండి చేసి రోబో శాండ్‌గా వాడటం మనకు అలవాటైంది కూడా ఆ ఇబ్బంది వల్లే. ఎటు చూసినా ప్లాస్టిక్, ఎక్కడ అడిగినా ఇసుక కరువు. ఒకదాన్ని మరొకదాని స్థానంలో పెడితే రెండు బాధలూ తీరుతాయన్న ఆశ అలా పుట్టింది. నిజాయితీ గల ఆశే అది. దాని వెంట పడినవాళ్లను నేను గౌరవిస్తాను.

1990ల్లో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో కరీం రెబీజ్, డేవిడ్ ఫౌలర్ వంటివాళ్లు సిమెంటును పక్కన పెట్టేశారు. వాడేసిన పెట్ సీసాల నుంచి రసాయన చర్యతో పాలియెస్టర్ రెజిన్ తయారుచేసి, దానితోనే రాళ్లను అతికించారు. అలా వచ్చిన పాలిమర్ కాంక్రీటు గట్టిగానే ఉంది, త్వరగానూ బిగిసింది. కానీ రెజిన్ ఖర్చు సిమెంటు ఖర్చుతో పోటీపడేది కాదు. ఆ దారి ప్రత్యేక పనులకే పరిమితమైపోయింది.

చవకైన దారి కావాలంటే ప్లాస్టిక్‌ని ముక్కలు చేసి నేరుగా మిక్సర్‌లో వేయాలి. 1996లో విస్కాన్సిన్‌లోని మిల్వాకీలో తరుణ్ నాయక్ బృందం చేసింది అదే. పాల డబ్బాలూ షాంపూ సీసాలూ చేసే గట్టి పాలీఇథిలీన్‌ని ముక్కలు చేసి, సిమెంటు పట్టుకునేలా వాటి పైతొక్కను మార్చాలని చూశారు. కొన్నిటిని ఊరికే నీళ్లతో కడిగారు, కొన్నిటిని బ్లీచ్‌లో, మరికొన్నిటిని బ్లీచ్‌తో పాటు కాస్టిక్ సోడాలో నానబెట్టారు. మూడో రకం మిగతావాటికంటే మెరుగ్గా నిలిచింది. అయినా అరశాతం దాటి ప్లాస్టిక్ పెరిగేసరికి దిమ్మెల బలం తగ్గడం కనిపించింది. మరుసటి ఏడాది, 1997లో, అల్ మనసీర్, దలాల్ అనే ఇద్దరు పరిశోధకులు పాత కార్ల బంపర్లను ముక్కలు చేసి కంకరలో కలిపారు. 10 శాతం కలిపితే బలం 34 శాతం పడిపోయింది, 30 శాతం కలిపితే 51 శాతం, సగానికి సగం కలిపితే 67 శాతం పోయింది. మన ఇళ్ల స్లాబుల్లో వాడే ఎం20 కాంక్రీటు 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల ఒత్తిడి తట్టుకోవాలి. అందులో 34 శాతం పోతే మిగిలేది 13. ఆ కాంక్రీటుతో స్లాబు వేయమని ఏ ఇంజనీరూ చెప్పడు.

ఎందుకిలా అవుతోంది? కారణాలు మూడు కలిసి పనిచేస్తాయి. ఇసుకా కంకరా నీటిని ఇష్టపడతాయి. సిమెంటు నీటితో కలిసి గట్టిపడుతూ రాయి గరుకుదనంలోకి చొచ్చుకుపోయి పట్టు దొరకబుచ్చుకుంటుంది. ప్లాస్టిక్ నీటిని దగ్గరికి రానివ్వదు. నూనె రాసిన చేతికి తడి పిండి అంటనట్టు, ముక్క చుట్టూ సిమెంటు ఎడంగా ఉండిపోయి సన్నని నీటిపొర మిగులుతుంది. ఆ నీరు ఆరిపోయాక అక్కడ ఖాళీ. పగులు మొదలయ్యేది అక్కడే. రెండోది మెత్తదనం. గట్టి రాయితో పోలిస్తే పెట్ పది, ఇరవై రెట్లు తేలిగ్గా నొక్కుకుపోతుంది. పైనుంచి బరువు పడినప్పుడు రాయి తన వంతు మోస్తుంది, ప్లాస్టిక్ ఒదిగిపోయి తన వంతు బరువును కూడా పక్కనున్న సిమెంటు మీదికి తోసేస్తుంది. మూడోది ఆకారం. సీసాను నలగ్గొడితే వచ్చేవి పలచని రేకులు, ఇసుకలా చిన్నాపెద్దా గుండ్రటి రేణువులు కావు. రేకుల కింద గాలీ నీళ్లూ చిక్కుకుపోతాయి.

ఆ తర్వాతి పదేళ్లలో చేసిన ప్రయోగాలన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకదాని మీద పోరాటమే. 2005లో దక్షిణ కొరియా పరిశోధకులు చేసిన ఉపాయం నాకు చాలా నచ్చింది. పెట్ ముక్కలను దాదాపు 250 డిగ్రీల వేడిలో మెత్తబరిచి, ఉక్కు కర్మాగారాల్లో మిగిలే స్లాగ్ పొడిలో దొర్లించారు. ముక్కల మీద స్లాగ్ పొర అతుక్కుంది. స్లాగ్ సిమెంటుతో చర్య జరిపే పదార్థం. సిమెంటుకు ఇప్పుడు ఎదురయ్యేది ప్లాస్టిక్ తొక్క కాదు, తన జాతి పొడి. రేకులు గుండ్రటి గుళికలయ్యాయి కూడా. ఇసుకలో ముప్పావు వంతు తీసేసి వాటిని వేసినా బలం తగ్గింది దాదాపు మూడో వంతే. బంపర్ల ప్రయోగంతో పోల్చి చూస్తే ఇది ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది. కానీ అంత ప్లాస్టిక్‌ని 250 డిగ్రీలకు వేడి చేయడమంటే ఇంధనం, యంత్రం, ఖర్చు. 2008లో బాగ్దాద్ పరిశోధకులు ప్లాస్టిక్ డబ్బాల కర్మాగారాల చెత్తను ఇసుకలో 20 శాతం దాకా కలిపి చూశారు. బలం తగ్గింది, అయితే దిమ్మె ఒక్కసారిగా బద్దలవకుండా, పగుళ్లు పారకుండా ముక్కలు అడ్డుపడ్డాయి. చాలా ప్రయోగాల్లో కనిపించిన మేలు ఇది. ప్లాస్టిక్ ఉన్న కాంక్రీటు కాస్త ముందే లొంగినా, లొంగేటప్పుడు కాస్త హెచ్చరిక ఇస్తుంది.

ప్లాస్టిక్‌ని రాయిగా వాడే ఈ దారిలో మన దేశం నేరుగా కనిపించేది 2018లో. ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ బాల్, జాన్ ఆర్ తదితరులు గోవా ఇంజనీరింగ్ కాలేజీ ఆచార్యుడు పూర్ణానంద్ సవోయికర్‌తో కలిసి పనిచేశారు. సీసాలు, సంచులు, రకరకాల ఆకారాలు, పరిమాణాలు, రసాయనాలలో నానబెట్టినవి, నానబెట్టనివి అన్నీ విడివిడిగా కలిపి పోల్చారు. గెలిచినది చాలా సాదా పద్ధతి. పెట్ సీసాలను నలిపి, పొడి, నలక, గింజ అసలు ఇసుకలో ఏ పాళ్లలో ఉంటాయో ఆ పాళ్లలోనే కలిపి, ఇసుకలో 10 శాతం స్థానంలో వేయడం. బలం దాదాపుగా చెక్కుచెదరలేదు. ప్రపంచమంతా ఇలా చేస్తే ఏటా 82 కోట్ల టన్నుల ఇసుక మిగులుతుందని వాళ్లు లెక్క కట్టారు. రసాయనాలకంటే జల్లెడ పట్టడంలోనే మర్మం ఉందని చెప్పిన ఈ ఫలితం, మేస్త్రీ పని తెలిసినవాళ్లకు వెంటనే నచ్చుతుంది. ఇసుక నాణ్యత దాని గింజల మేళవింపులోనే ఉంటుందని వాళ్లకు ముందే తెలుసు.

టెక్సస్ రెజిన్‌ను పక్కన పెడితే, ఇదంతా ప్లాస్టిక్‌ని రాయిగా వాడే దారి. మదురైలో ఒక రసాయనశాస్త్ర ఆచార్యుడు దాన్ని జిగురుగా చూశాడు.

రాజగోపాలన్ వాసుదేవన్ త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. ఆయన ఎంచుకున్నది సిమెంటు కాంక్రీటు కాదు, తారు రోడ్డు. తారు, ప్లాస్టిక్ రెండూ పెట్రోలియం సంతానమే, ఒకదానికొకటి చక్కగా కలుస్తాయి. కానీ ఆయన గొప్పతనం ప్లాస్టిక్‌ని తారులో కాకుండా రాయి మీద వేయడంలో ఉంది. కంకరను 170 డిగ్రీల దాకా వేడి చేస్తారు. దాని మీద ముక్కలు చేసిన సంచులు, పొట్లాలు చల్లుతారు. అర నిమిషంలో అవి కరిగి ప్రతి రాయి చుట్టూ సన్నని పొరగా పరుచుకుంటాయి. ఆ తర్వాత వేడి తారు కలుపుతారు. పూత పడిన రాయిలోకి నీరు దిగదు, తారు ఊడదు. మన రోడ్లు వానాకాలంలో గుంతలు పడేది నీరు తారుకీ రాయికీ మధ్య దూరడం వల్లే కాబట్టి, దెబ్బ సరిగ్గా రోగం మీదే పడింది. కొత్త ప్లాంటు అక్కర్లేదు, ఉన్న హాట్ మిక్స్ యంత్రాలే చాలు. పీవీసీ ఒక్కటి మాత్రం కలవకూడదు. వేడికి దానిలోంచి విషవాయువు వస్తుంది.

అబ్దుల్ కలాం ప్రోత్సాహంతో 2002లో కాలేజీ ఆవరణలోనే మొదటి రోడ్డు వేశారు. తర్వాత తమిళనాడు ప్రభుత్వం పల్లె రోడ్లకు ఈ పద్ధతి తీసుకుంది. బెంగళూరులోనూ సుమారు అదే కాలంలో అహ్మద్ ఖాన్, రసూల్ ఖాన్ సోదరులు తారులో ప్లాస్టిక్ కలిపి నగర రోడ్లు వేయించారు. ఒక వరుస రోడ్డు కిలోమీటరుకు దాదాపు ఒక టన్ను ప్లాస్టిక్ ఖర్చవుతుంది, అంత మేరకు తారు ఆదా. 2013లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు ఇచ్చింది. 2015లో కేంద్రం అయిదు లక్షల జనాభా దాటిన నగరాల చుట్టూ వేసే రోడ్లలో ప్లాస్టిక్ చెత్త వాడాలని చెప్పింది. 2018లో వాసుదేవన్‌కు పద్మశ్రీ వచ్చింది. పేటెంటు కాలేజీ పేరు మీదే తీసుకున్నారు. ఆ పద్ధతితో ఆయన సంపాదనకు దిగలేదు, దేశానికి వదిలేశారు. ఈ కథలో నేను తలవంచి నమస్కరించే చోటు ఇదే. ఆయన బృందం కంకర, ప్లాస్టిక్ కలిపి ప్లాస్టోన్ అనే పేవర్ దిమ్మెలు కూడా చేసింది. వాటిలో సిమెంటు లేదు.

ప్రయోగశాల నుంచి రోడ్డెక్కడానికి మదురైకి ఎక్కువ కాలం పట్టలేదు, ప్లాస్టిక్ కాంక్రీటు ఇప్పటికీ చాలావరకు గడప దాటలేదు. తేడా ఎక్కడుందో ఇప్పుడు స్పష్టం. మదురైలో బరువు మోసే పని రాయికే వదిలి, ప్లాస్టిక్‌కి అతికే పని ఇచ్చారు. కాంక్రీటులో దాన్ని రాయి స్థానంలో నిలబెట్టి, రాయిలా మోయమన్నారు. నైరోబీలో న్జాంబి మటీ చేసినది మదురై తరహాలోనే ఉంటుంది. మెటీరియల్స్ ఇంజనీరైన ఆమె ప్లాస్టిక్‌ని కరిగించి, ఇసుకతో కలిపి, యంత్రంతో నొక్కి కాలిబాట దిమ్మెలు చేస్తారు. సిమెంటు చుక్క ఉండదు. 2020లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఆమెను యువ విజేతల్లో ఒకరిగా గుర్తించింది.

అమెరికాలోని ఎంఐటీలో కరోలిన్ షేఫర్, మైకేల్ ఒర్టెగా అనే విద్యార్థులు 2017లో మూడో దారి చూపారు. పెట్ తునకలకు కోబాల్ట్-60 గామా కిరణాలు పట్టించి, పొడి చేసి, ఇసుకకు బదులు కాదు, సిమెంటులో ఒకటిన్నర శాతం దాకా కలిపారు. మామూలు ప్లాస్టిక్ పొడి కలిపితే బలం తగ్గింది. గామా కిరణాలు పడిన పొడి, ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) వంటివాటితో కలిసినప్పుడు, మామూలు సిమెంటు దిమ్మెలకంటే దాదాపు 15 శాతం దాకా ఎక్కువ బలం ఇచ్చిన నమూనాలు వచ్చాయి. కిరణాలు ప్లాస్టిక్ గొలుసులను ఒకదానికొకటి ముడివేసి దాని స్ఫటిక నిర్మాణాన్ని మారుస్తాయి, సిమెంటు ముద్దలో రంధ్రాలు తగ్గుతాయి. ఆ ప్లాస్టిక్‌లో రేడియోధార్మికత మిగలదు. అమెరికాకు పంపే మన మామిడిపండ్లకు పట్టించేవీ ఇలాంటి కిరణాలే. దారి అందంగా ఉంది, కాకపోతే చెత్తకుప్పకూ గామా ప్లాంటుకూ మధ్య దూరం చాలా ఉంది.

భయాల గురించి కూడా సూటిగా చెప్పాలి. సిమెంటు లోపలి తడి గాఢమైన క్షారం. పెట్‌ని అది నెమ్మదిగా కొరుకుతుంది. యాభై ఏళ్ల తర్వాత ఏమవుతుందన్నది 28 రోజుల పరీక్ష చెప్పలేదు. మంట అంటుకుంటే ప్లాస్టిక్ కరిగి పొగ వదులుతుంది. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. 1996లో ఇంగ్లండు, ఫ్రాన్స్ మధ్య చానెల్ సొరంగంలో మంటలు లేచినప్పుడు కాంక్రీటులోని తడి ఆవిరై, లైనింగు పెచ్చులు పెచ్చులుగా పేలిపోయింది. సొరంగాల కాంక్రీటులో ఇప్పుడు కొద్దిపాటి పాలీప్రొపిలీన్ దారాలు కలుపుతారు. మంటకు అవి కరిగి సన్నని దారులు తెరిస్తే, ఆవిరి వాటిలోంచి బయటపడుతుంది. కొంచెం ప్లాస్టిక్ కాంక్రీటును కాపాడుతుంది, ఎక్కువైతే అదే ముప్పు. కాలిబాట మీద అరిగే దిమ్మెల నుంచి ప్లాస్టిక్ నలకలు రాలి నేలలో చేరుతాయన్న మాటనూ కొట్టిపారేయలేం.

కాబట్టి నా తీర్పు ఇది. మన స్తంభాల్లో, స్లాబుల్లో ప్లాస్టిక్ వద్దు. కంకర, ఇసుకల మీద మన ఐఎస్ 383 ప్రమాణం 2016 సవరణలో రాతి ఇసుకకూ, స్లాగ్‌కూ, కూల్చిన కాంక్రీటు కంకరకూ చోటిచ్చింది, ప్లాస్టిక్‌కి ఇవ్వలేదు. ఇప్పటికి అది సరైన నిర్ణయమే. బరువు మోయని అడ్డుగోడల దిమ్మెలు, రోడ్డు పక్క కర్బులు వంటివాటిలో పది శాతానికి అవకాశం ఇవ్వవచ్చు. పేవర్లలో అయితే ముందు అరుగుదల తేల్చుకోవాలి.

ఇంకో మాట. ఈ ముప్పై ఏళ్ల ప్రయోగాల్లో చాలావాటిలో నలిగింది పెట్ సీసా. శుభ్రంగా దొరుకుతుంది, నలపడం తేలిక. కానీ మన దేశంలో ఆ సీసాకు ఇప్పటికే ధర ఉంది. చెత్త ఏరేవాళ్లు ఏరుతారు, పాత సామాన్లవాళ్లు కొంటారు, అది పాలియెస్టర్ దారమై బట్టల్లోకి పోతుంది. దాన్ని తెచ్చి కాంక్రీటులో పూడ్చిపెట్టడమంటే ఆ ఏరేవాళ్ల నోటి దగ్గర కూడు తీసేయడమే అవుతుంది. ఎవరూ ఏరనిది, ఎవరూ కొననిది చిప్స్ పొట్లం, షాంపూ సాచెట్, గుట్కా కవరు. పొరల మీద పొరలున్న ఆ ప్లాస్టిక్‌కే నిజంగా ఇల్లు లేదు.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చివరి ఏడాది ప్రాజెక్టుగా ప్లాస్టిక్ కాంక్రీటు ఎంచుకునే సివిల్ విద్యార్థులకు ఒక విన్నపం. సీసాలు నలిపి, పది, ఇరవై, ముప్పై శాతం కలిపి, 28 రోజులకు క్యూబులు పగలగొట్టే పని ప్రపంచం ఇప్పటికే చేసేసింది. ఆ పట్టికను మళ్లీ నింపకండి. మీ ఊరి డంపింగ్ యార్డుకు వెళ్లి, అక్కడ ఎవరూ ముట్టని పొట్లాలు తెచ్చి, వాటితో దిమ్మెలు చేయండి. వాటిని నిప్పులో కాల్చండి, క్షారంలో నానబెట్టండి, యంత్రం మీద అరగదీయండి. రాలిన నలకలు తూకం వేయండి. ఫలితం బాగా రాకపోతే, రాలేదనే రాయండి. ఈ రంగానికి ఇప్పుడు కావలసింది ఆ లెక్కలే.